పెరటి కోళ్ల రెట్ట, ఊక: ఏ ఇంటికి ఏ పద్ధతి సరిపోతుంది?

పెరట్లో పది, పదిహేను కోళ్లు పెంచాలనుకునేవారు మేత, టీకాలు, గూడు, పిల్లుల బెడద గురించి ముందుగానే నలుగురినీ అడిగి తెలుసుకుంటారు. రోజూ కింద పడే రెట్టను ఏం చేయాలన్నది మాత్రం మొదటి వానలకు గూడు తడిసి, ఈగలు ముసిరి, పక్కింటివారు మాట అనేదాకా ఎవరికీ పట్టదు. అప్పటికి గూటి నేల, పైకప్పు, కింద పరిచిన పొట్టు అన్నీ ఖరారైపోయి ఉంటాయి కాబట్టి మార్చుకోవడానికి వీలు తక్కువగా ఉంటుంది. అందుకే ఈ విషయంలో రెండు ప్రశ్నలను విడివిడిగా కాక ఒకేసారి వేసుకోవాలని నా అభిప్రాయం: గూటిలో కింద ఏం పరుస్తాం, అది నిండిన తరువాత ఎక్కడికి పోతుంది. మొదటిదానికి ఎంచుకున్న వస్తువే రెండోదానిలో సగం సంగతులను నిర్ణయిస్తుంది.

ముందు పరిమాణం తెలియాలి. గుడ్ల కోసం పెంచే పెట్ట ఒకటి రోజుకు సుమారు 100 గ్రాముల పచ్చి రెట్ట వేస్తుంది. బరువు తక్కువగా ఉండే నాటు పెట్టలది అంతకంటే కొంత తక్కువ. పదిహేను కోళ్లకు రోజుకు కిలో, కిలోన్నర లెక్క వేసుకోవచ్చు. పగలంతా తిరిగి మేసే కోళ్లయితే అందులో సగానికి పైగా పెరట్లోనే పడి ఎండిపోతుంది, మిగిలినది రాత్రి అవి కూర్చునే కర్ర కింద కుప్పపడుతుంది. గూటిలోనే మూసి పెంచేవారికి మొత్తం లోపలే చేరుతుంది. నెలకు ఒకరికి పదిహేను, ఇరవై కిలోలు, మరొకరికి నలభై కిలోలు పోగవుతాయి కాబట్టి, ఒకే సంఖ్యలో కోళ్లున్నా ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు.

పచ్చి రెట్టలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే ఉంటుంది. నత్రజని మాత్రం పశువుల పేడలో ఉన్నదానికి రెండు మూడు రెట్లు ఎక్కువ, అందులోనూ అధిక భాగం యూరిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది. తేమ, వేడి తగిలితే సూక్ష్మజీవులు దానిని అమ్మోనియాగా మారుస్తాయి. గూటిలో కళ్లు మండించే ఘాటు అదే. అది కోళ్ల కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, పైగా మొక్కలకు చేరవలసిన నత్రజని ఆ రూపంలో గాలిలో కలిసిపోతుంది. లిట్టర్, అంటే కింద పరిచే ఊక, పొట్టు వంటిది, నూటికి 20 నుంచి 25 పాళ్ల తేమలో ఉన్నంతకాలం ఈ మార్పు నెమ్మదిగా సాగుతుంది, 30 పాళ్లు దాటితే ఘాటు, ఈగలు, జబ్బులు కలిసే వస్తాయి. కనుక కింద చెప్పే ప్రతి పద్ధతినీ అది తేమను ఎంత అదుపులో ఉంచుతుంది, దానికి మనం రోజూ ఎంత శ్రమ పెట్టాలి అన్న రెండు కొలతలతోనే తూచాను.

కింద ఏం పరచాలి

ఈ ప్రశ్నకు జవాబు చాలా వరకు మీ ఊరే చెబుతుంది, ఎందుకంటే దూరం నుంచి తెప్పించిన పొట్టును ఎవరూ వేళకు మార్చరు. గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ, నల్లగొండ, నిజామాబాద్, కరీంనగర్ వంటి వరి జిల్లాల్లోనూ మిల్లు ఉన్న ప్రతిచోటా ఊక దొరుకుతుంది. అనంతపురం, కర్నూలు వైపు వేరుశనగ తొక్కలు, కోనసీమలో కొబ్బరి పీచు తీసేటప్పుడు రాలే పొట్టు, పట్టణాల్లో కలప అడితీల నుంచి వచ్చే రంపపు పొట్టు చేతికి అందుబాటులో ఉంటాయి.

వీటిలో ఊకకే నా మొదటి ఓటు, అయితే దాని లోపం తెలిసి వాడాలి. ఊక గింజలు ఒకదానికొకటి అంటుకోవు, మధ్యలో గాలి ఆడుతుంది, కోళ్లు సులువుగా కెలుకుతాయి, రెట్ట పైన గడ్డకట్టకుండా లోపలికి జారి ఆరిపోతుంది. నీటిని పీల్చే గుణం మాత్రం రంపపు పొట్టుకున్నంత ఉండదు, అందువల్ల నీళ్ల గిన్నె ఒలికిన చోట ఊక పైకి పొడిగా కనిపిస్తూ అడుగున తడిగానే ఉండిపోతుంది. రెండో లోపం ఎరువు దశలో బయటపడుతుంది. ఊకలో ఇసుక జాతి ఖనిజమైన సిలికా, కలపకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండడంతో అది చివకడానికి చాలా కాలం పడుతుంది. మాగిన ఎరువులో కూడా ఊక గింజలు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. నల్లరేగడి నేలకు అది లాభమే, మట్టిని గుల్లబరుస్తుంది. కుండీలకు మాత్రం జల్లించి వాడుకోవాలి.

వేరుశనగ తొక్కలు తేమను బాగా పీలుస్తాయి, ఊక కంటే త్వరగా చివుకుతాయి కూడా. కానీ తడిసినప్పుడు వాటికి బూజు పట్టడం చాలా తేలిక, వేరుశనగను ఆశించే బూజుల్లో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసేవి ఉన్నాయి. తొక్కల్లో మిగిలిన పప్పు ముక్కలను కోళ్లు ఏరుకుని తింటాయి కాబట్టి ఈ ప్రమాదాన్ని తేలికగా తీసుకోకూడదు. వాన తక్కువ పడే రాయలసీమలో, గూటికి మంచి కప్పు ఉన్నచోట ఇవి ఊకతో సమానమైన ఎంపిక. వానాకాలంలో జల్లు లోపలికి కొట్టే గూటికి నేను సిఫారసు చేయను.

కొబ్బరి పొట్టు తన బరువుకు అనేక రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది. వినడానికి ఇదే అన్నిటికంటే మంచి గుణంలా ఉంటుంది గానీ, పట్టిన నీటిని అది త్వరగా వదలదన్నది అసలు చిక్కు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో ఒకసారి నానిన కొబ్బరి పొట్టు మళ్లీ ఆరడానికి రోజులు పడుతుంది. పచ్చి పొట్టులో ఉప్పు కూడా ఉంటుంది, కోళ్ల రెట్టలోనూ లవణాలు ఎక్కువే కాబట్టి రెండూ కలిసిన ఎరువు కుండీ మొక్కల ఆకుల అంచులను మాడ్చవచ్చు. కోనసీమవారు దీనిని ఒంటరిగా కాక, నాలుగు వంతుల ఊకలో ఒక వంతుగా కలిపి, నీళ్ల గిన్నె చుట్టూ మాత్రం కాస్త ఎక్కువగా వేసుకుంటే రెండింటి మంచి గుణాలూ దక్కుతాయి.

రంపపు పొట్టు విషయంలో అడితీలో ఒక ప్రశ్న తప్పక అడగాలి: ఇది ముడి కలపదా, ప్లైవుడ్‌దా, చెదలమందు కొట్టిన కలపదా. చివరి రెండింటినీ గూటిలోకి గానీ ఎరువులోకి గానీ రానివ్వకూడదు. మంచి కలపదైనా, సన్నని పొడి కంటే రంద పట్టినప్పుడు వచ్చే చుట్టలు మేలు, ఎందుకంటే పొడి దుమ్ముగా లేస్తుంది, వారం పది రోజుల కోడిపిల్లలు దాన్ని మేత అనుకుని మింగుతాయి. వరిగడ్డిని అలాగే పరిస్తే చాపలా అట్టకట్టి కింద బూజు పడుతుంది, రెండు అంగుళాల ముక్కలుగా నరికితేనే పనికొస్తుంది. పాత పేపర్లు పిల్లలకు జారుతాయి, వాటి కాళ్లు పక్కకు విచ్చుకుపోతాయి. ఇసుక ఎండాకాలంలో చల్లగా ఉంటుంది, పైన ఎండిన రెట్టను జల్లెడతో ఏరేయవచ్చు. ఎరువు అక్కర్లేదు, శుభ్రత చాలు అనుకునేవారికి అది చక్కని ఎంపికే గానీ, ఇసుకను ఎరువు కుప్పలో వేయలేమన్నది గుర్తుంచుకోవాలి.

ఇక పెరట్లో రాలే ఎండుటాకులు. మామిడి, పనస, జామ, వేప, బాదం చెట్లున్న ఇళ్లలో వీటిని ఊడ్చి తగలబెట్టడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. లిట్టర్‌గా ఆకులు ఊకంత మన్నవు, కోళ్లు నాలుగు రోజుల్లో వాటిని నుసి చేస్తాయి. కానీ ఎరువు కుప్పలో రెట్టకు జోడీగా వాటిని మించినవి లేవు. ఊకలోని కర్బనం సూక్ష్మజీవులకు త్వరగా అందదు, ఆకుల్లోనిది అందుతుంది. కాబట్టి కింద ఊక పరిచినవారు కూడా వేసవిలో రాలిన ఆకులను నాలుగైదు గోనె సంచుల్లో కుక్కి, వాన తగలని చోట దాచుకోవాలి.

రోజూ తీయాలా, గూటిలోనే మాగనివ్వాలా

ఇక్కడ రెండు మార్గాలున్నాయి. మొదటిది, కోళ్లు కూర్చునే కర్ర కింద ఒక పలకో, పాత ఫ్లెక్సీ ముక్కో వేసి, దాని మీద పలచగా ఊక గానీ పొడి మట్టి గానీ చల్లి, ప్రతి ఉదయం దానిని దులిపేయడం. రెండోది డీప్ లిట్టర్, అంటే కింద మందంగా పొట్టు పరిచి, రెట్టను తీయకుండా కలియదిప్పుతూ, పైన కొత్త పొట్టు వేసుకుంటూ పోయి, ఏడాదికి ఒకసారో రెండుసార్లో మొత్తం ఎత్తివేయడం.

ఫ్లెక్సీ పద్ధతికి ఖర్చు లేదు, చిన్న గూడైనా చాలు, వాసన దాదాపు ఉండదు. ఈగ గుడ్డు మన ఎండాకాలంలో వారం పది రోజుల్లోనే ఈగగా మారుతుంది కాబట్టి, రోజూ తీసేవారింట్లో ఆ చక్రం ఎప్పటికప్పుడు తెగిపోతుంది. కానీ ఇది ప్రతి రోజూ చేయవలసిన పని. పెళ్లికో, తీర్థయాత్రకో వారం రోజులు ఊరెళ్లే ఇంట్లో ఆ బాధ్యత ఎవరిదో ముందే తేలాలి. ఒక మాట ఇక్కడే చెప్పాలి: చాలామంది ఫ్లెక్సీ మీద పొయ్యి బూడిద చల్లుతారు. బూడిద తేమను పీల్చే మాట నిజమే గానీ, దాని క్షార గుణం అమ్మోనియాను మరింతగా బయటకు వెళ్లగొడుతుంది. సున్నం కూడా అంతే. కోళ్లు దొర్లే మట్టిగుంటలో బూడిద వేస్తే పేలు పోవడానికి పనికొస్తుంది, రెట్ట మీద మాత్రం పొడి మట్టే మేలు. లిట్టర్‌లో ఘాటు తగ్గించడానికి ఏదైనా చల్లక తప్పదనుకుంటే సూపర్ ఫాస్ఫేట్ పొడిని పలచగా చల్లి, కోళ్లు తినకుండా వెంటనే ఊకలో కలిపేయవచ్చు. అది అమ్మోనియాను పట్టి ఉంచి ఎరువు విలువను కూడా పెంచుతుంది.

డీప్ లిట్టర్‌లో రోజువారీ పని తక్కువ, కానీ దానికి కొన్ని షరతులున్నాయి, వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది మంచి పద్ధతి కాదు. కోడికి కనీసం రెండు చదరపు అడుగుల నేల ఉండాలి, మూడు ఉంటే మరీ మంచిది. కప్పు కారకూడదు, చూరు నీళ్లు గోడకు దూరంగా పడాలి, చుట్టూ జాలీ ఉండి గాలి ఆడాలి, గూటి నేల చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా ఉండాలి. మొదట రెండు మూడు అంగుళాల మందంతో మొదలుపెట్టి, నెలలు గడిచే కొద్దీ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలకు తేవాలి. వారానికి రెండుసార్లు పారతో గానీ దంతెతో గానీ అడుగుదాకా తిరగేయాలి. గింజలు కొన్ని చల్లితే ఆ పనిలో సగం కోళ్లే చేస్తాయి. మొదలుపెట్టే కాలం కూడా ముఖ్యమే. లిట్టర్‌లో సూక్ష్మజీవుల పని కుదురుకోవడానికి పొడి వాతావరణంలో కనీసం రెండు నెలలు కావాలి కాబట్టి, నైరుతి వానలు జూన్‌లో వచ్చే జిల్లాల్లో మార్చి, ఏప్రిల్‌లోనే కొత్త ఊక పరవాలి. వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే నెల్లూరు వైపు ఆగస్టు మొదటికైనా చాలు. వానలు పట్టాక డీప్ లిట్టర్ మొదలుపెట్టడం కంటే ఆ ఏడాదికి ఫ్లెక్సీ పద్ధతితో గడపడమే మంచిది.

లిట్టర్ బాగుందో లేదో చేత్తోనే తెలుస్తుంది. నీళ్ల గిన్నెకు దూరంగా, మూడు అంగుళాల లోతు నుంచి పిడికెడు తీసి గట్టిగా పిసికి, చేయి విప్పాలి. ముద్దగా అలాగే నిలబడితే తడి ఎక్కువైంది, కొత్త ఊక కలపాలి. కాస్త అంటుకున్నట్లుండి వెంటనే విరిగి రాలిపోతే సరిగ్గా ఉంది. దుమ్ములా వేళ్ల సందుల్లోంచి జారిపోతే మరీ ఎండింది, కోళ్లకు దగ్గు తెస్తుంది. ఘాటును మాత్రం నిలబడి చూడకూడదు. కోడి ముక్కు నేలకు అడుగు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఉదయం తలుపు తీయగానే గూటిలో వంగి, ఆ ఎత్తులో రెండు శ్వాసలు పీల్చాలి. రోజూ అందులో పనిచేసేవారి ముక్కు అలవాటుపడి మొద్దుబారుతుంది, అందుకే అప్పుడప్పుడు ఇంట్లో మరొకరిని పిలిచి అడగడం మంచిది.

తడికి అసలు మూలం చాలా ఇళ్లలో రెట్ట కాదు, నీళ్ల గిన్నె. గిన్నె అంచు కోడి వీపు ఎత్తుకు వచ్చేలా ఇటుకల మీద పెట్టి, దాని కింద ఇసుక పళ్లెం ఉంచితే ఊక మార్చవలసిన అవసరం సగానికి సగం తగ్గుతుంది. పిల్లల గూటిలో ఇది మరింత ముఖ్యం. వాటికి రక్తపు రెట్టలు తెచ్చే కాక్సిడియోసిస్ క్రిమి గుడ్లు తడి, వెచ్చదనం ఉన్న లిట్టర్‌లోనే రోగం తెచ్చే దశకు చేరతాయి.

కుప్ప, గుంత, వానపాములు

గూటి నుంచి బయటికి తీసిన దానిని ఎరువుగా మార్చే పద్ధతుల్లో గుంత తవ్వాలా, నేలపై కుప్ప వేయాలా అన్నదే మొదటి నిర్ణయం. దీనికి జవాబు వానను, భూగర్భ జలాన్ని బట్టి ఉంటుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి పొడి ప్రాంతాల్లో గుంతే మంచిది, ఎందుకంటే ఎండకు కుప్పలో తడి రెండు రోజుల్లో ఆవిరైపోతుంది, గుంతలో నిలుస్తుంది. కోనసీమలో, కొల్లేటి చుట్టుపక్కల వానాకాలంలో కొన్ని అడుగుల లోతులోనే నీరు తగిలే చోట గుంత తవ్వితే అది ఎరువు గుంతగా కాక మురుగు గుంటగా మారుతుంది, అందులోని నైట్రేట్లు నేరుగా బావి నీటిలోకి దిగుతాయి. అక్కడ ఎత్తుగా మట్టి పోసి దాని మీద కుప్పే వేయాలి. ఏ ప్రాంతమైనా బావికి, చేతిపంపుకు కుప్ప వీలైనంత దూరంగా, వాలుకు దిగువన ఉండాలి. 100 అడుగుల దూరం దొరికితే నిశ్చింత.

కుప్పను రెండు రకాలుగా నడపవచ్చు. రోజూ తీసిన రెట్టను ఒక మూల పోస్తూ, పైన ఆకులు కప్పుతూ పోయే చల్లని కుప్పకు శ్రమ తక్కువ, కానీ అది వేడెక్కదు కాబట్టి రోగక్రిములు, కలుపు గింజలు చావవు. నిండిన తరువాత మరో ఆరు నెలలు కదపకుండా వదిలేయాలి. అందుకే పక్కపక్కనే రెండు గదులుండాలి: ఒకటి నిండుతూ ఉంటే మరొకటి మాగుతూ ఉంటుంది. పాత సిమెంటు వరలు రెండు, లేదా ఇనుప జాలీ చుట్టలు రెండు ఉన్నా చాలు.

వేడి కుప్పకు తగినంత సరుకు ఒకేసారి కావాలి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులు లేని కుప్ప తనలో పుట్టిన వేడిని నిలుపుకోలేదు. పదిహేను కోళ్ల ఇంట్లో అంత సరుకు వారంలో రాదు, అందుకే రోజుకొక తట్ట చొప్పున వేస్తూ కుప్ప వేడెక్కలేదని నిరాశపడేవారు కనిపిస్తారు. ఇలాంటి ఇంటికి సరైన దారి ఏమిటంటే, రెట్టను ఊకతో పాటు పొడిగా సంచుల్లో గానీ డీప్ లిట్టర్‌గా గూటిలోనే గానీ నిలవబెట్టుకుని, ఏడాదికి రెండుసార్లు ఒకే రోజు కుప్ప వేయడం. రెట్ట ఒక తట్టకు ఎండుటాకులు రెండు మూడు తట్టలు, మధ్యలో పిడికెడు పాత ఎరువు, ప్రతి వరుసకూ నీళ్లు. రెట్టలో కర్బనం, నత్రజనుల నిష్పత్తి పదికి ఒకటి లోపే ఉంటుంది, కుప్పకు కావలసినది ముప్పైకి ఒకటి దగ్గర. ఆకులు చేసే పని ఆ తేడాను పూడ్చడమే. గూటి నుంచి వచ్చిన డీప్ లిట్టర్‌లో ఇప్పటికే ఊక ఎక్కువగా ఉంటుంది కాబట్టి దానికి ఆకులు ఒక తట్ట చాలు, బదులుగా వంటింటి కూరగాయ తుక్కు, పచ్చి గడ్డి చేర్చాలి. పిసికితే వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు కనిపించేంత తడి ఉండాలి, కారేంత కాదు.

మూడో రోజుకు కుప్ప మధ్యలోకి దించిన ఇనుప చువ్వను పది నిమిషాల తరువాత తీస్తే చేత్తో పట్టుకోలేనంతగా కాలాలి. అది 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉందని అర్థం. అమెరికా సేంద్రియ సాగు ప్రమాణాల్లో, బయట వరుసగా పేర్చిన కుప్ప 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు ఉండి, ఆ కాలంలో కనీసం 5 సార్లు తిరగబడాలన్న నిబంధన ఉంది. మన పెరట్లో ఎవరూ తనిఖీకి రారు గానీ, మూడు రోజులకొకసారి అంచుల్లో ఉన్నది మధ్యకు వచ్చేలా తిరగేస్తే సాల్మొనెల్లా వంటి రోగక్రిములు, పరాన్నజీవుల గుడ్లు చాలా వరకు నశిస్తాయి. తరువాత రెండు నెలలు మాగనివ్వాలి.

కొబ్బరి చెట్లున్నవారికి ఒక హెచ్చరిక. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు ఇలాంటి చివుకుతున్న ఎరువు కుప్పల్లోనే గుడ్లు పెడుతుంది. ఆరు నెలలు కదపకుండా వదిలిన చల్లని కుప్ప దానికి పుట్టిల్లు అవుతుంది. అందువల్ల కోనసీమ, ఉద్దానం ప్రాంతాలవారు వేడి కుప్పనే ఎంచుకోవాలి, లేదా చల్లని కుప్పను రెండు నెలలకొకసారైనా తిరగేసి తెల్లని లావుపాటి పురుగులను ఏరివేయాలి. తిరగేసేటప్పుడు కోళ్లను వదిలితే అవే ఏరుకుంటాయి. మెటారైజియం అనే ఆకుపచ్చ బూజు మందును కుప్పలో కలిపినా ఈ పురుగులు చస్తాయి.

వానపాముల ఎరువు మంచిదే గానీ, కోళ్ల రెట్టకు అది మొదటి మెట్టు కాజాలదు. పచ్చి రెట్టలోని అమ్మోనియా, లవణాలు, వేడి వానపాములను చంపేస్తాయి. మూడు నాలుగు వారాలు కుప్పలో మాగి చల్లబడిన తరువాత, అంతకు రెట్టింపు పశువుల పేడతో కలిపి ఇస్తే తింటాయి. ఇంట్లో ఆవో గేదెయో ఉన్నవారికే ఇది సులువు. గోబర్ గ్యాస్ గురించి కొందరు అడుగుతారు. రెండు ఘనపు మీటర్ల చిన్న ప్లాంటుకే రోజుకు 50 కిలోల దాకా పేడ కావాలి, మన కిలోన్నర రెట్ట దానికి ఏ మూలకూ చాలదు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఒక రకం నల్ల ఈగ పురుగులతో రెట్టను తినిపించి, ఆ పురుగులనే మళ్లీ అదే కోళ్లకు మేతగా వేసే పద్ధతి ప్రచారంలో ఉంది గానీ, మంద రోగాలు మళ్లీ మందకే చేరే దారి అందులో ఉంది కాబట్టి ఇంటి స్థాయిలో దాన్ని నేను ప్రోత్సహించను. రెట్టను నీళ్లలో నానబెట్టి పోసే ద్రవ ఎరువు కంపును, ఈగలను పెంచుతుంది, క్రిములను ఆకుల మీదికి చేరుస్తుంది. దాని అవసరం లేదు.

ఎవరికి ఏది

పట్టణంలో గోడకు గోడ ఆనుకున్న ఇంట్లో ఐదారు కోళ్లే ఉంటే ఫ్లెక్సీ, ఊక, మూత ఉన్న డబ్బా, రెండు వరల చల్లని కుప్ప సరిపోతాయి. ఇక్కడ డీప్ లిట్టర్ పెట్టి వాసనతో పొరుగువారిని పోగొట్టుకోవద్దు. మేడ మీద పెంచేవారు కుప్ప జోలికి పోకుండా, ఎండబెట్టిన రెట్టను పొడి సంచిలో దాచి, తోట ఉన్నవారికి ఇవ్వడం ఉత్తమం. మూతి బిగించిన సంచిలో తడి రెట్టను ఉంచితే కుళ్లి భరించలేని కంపు కొడుతుంది.

పల్లెలో, విశాలమైన పెరట్లో పది నుంచి ఇరవై కోళ్లు పగలు తిరిగి రాత్రి గూటికి చేరే ఇంటికి, మంచి కప్పు ఉంటే, ఊకతో డీప్ లిట్టర్, ఏడాదికి రెండు వేడి కుప్పలు అన్నదే అన్ని విధాలా నచ్చిన జోడీ. కప్పు తాటాకుదై కారుతూ ఉంటే ముందు కప్పు వేయించుకోవాలి, లేదంటే ఫ్లెక్సీకే కట్టుబడాలి. ఇంట్లో పెద్దవారు మాత్రమే ఉండి, కుప్ప తిరగేసే ఓపిక లేనిచోట చల్లని కుప్పే సరైనది, అయితే ఆ ఎరువును పండ్ల చెట్లకు, పూల మొక్కలకు కేటాయించాలి. వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను యాభై దాకా మూసి పెంచేవారికి నెలకు వంద కిలోలకు పైగా రెట్ట వస్తుంది కాబట్టి, ముందుగానే ఒక రైతుతో మాట్లాడుకోవడం అవసరం. మిరప, మామిడి, అరటి సాగుచేసేవారు కోళ్ల ఎరువును అడిగి తీసుకుంటారు, కొన్నిచోట్ల బదులుగా ఊకో గడ్డో ఇస్తారు.

ఒక సందర్భంలో మాత్రం ఈ ఎంపికలన్నీ పక్కన పెట్టాలి. కోళ్లు ఉన్నట్టుండి వరుసగా చనిపోతుంటే, కొక్కెర తెగులో బర్డ్ ఫ్లూయో అన్న అనుమానం ఉంటే, లిట్టర్‌ను కదపకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, వెంటనే పశువైద్యాధికారికి చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు వ్యాధి సోకిన ఫారాల చుట్టూ కోళ్ల రవాణాను కట్టడి చేయవలసి వచ్చింది. రెట్ట సంచి, పార, చెప్పులు కూడా వైరస్‌ను మోసుకుపోగలవు. మామూలు రోజుల్లోనూ పొడి లిట్టర్ ఎత్తేటప్పుడు కొంచెం నీళ్లు చిలకరించి, ముక్కుకు మాస్కు కట్టుకుని, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మాగిన ఎరువును మడులకు చదరపు మీటరుకు కిలోకు మించకుండా, మట్టిలో కలిపి వేయాలి. కుండీ మట్టిలో పదో వంతు చాలు. కోళ్ల ఎరువు వేడి చేస్తుందని రైతులు అనేది మాగని ఎరువు గురించే, దానిలోని అమ్మోనియా, లవణాలు లేత వేళ్లను కాల్చేస్తాయి. మాగిందో లేదో తెలియకపోతే గుప్పెడు ఎరువును తడిపి, గాజు సీసాలో వేసి మూత పెట్టి మూడు రోజులు ఉంచి తీయాలి. మట్టి వాసన వస్తే వాడవచ్చు, ఘాటు కొడితే ఇంకా ఆగాలి. చెట్లకు మొదలును తాకకుండా, కొమ్మల నీడ పడే అంచు వెంట పాదు తీసి వేయాలి. పూర్తిగా వేడెక్కని కుప్పలోని ఎరువును, పచ్చి రెట్టను కొత్తిమీర, పుదీనా, కీర, ముల్లంగి వంటి పచ్చిగా తినే పంటల మడుల్లో వేయవలసి వస్తే, నేలను తాకే పంటకు కోతకు కనీసం 120 రోజుల ముందే వేసి ఉండాలన్నది పైన చెప్పిన అమెరికా ప్రమాణాల్లోని గడువు. కొత్తిమీర విత్తిన నెలన్నరకే కోతకు వస్తుంది కాబట్టి, ఆ మడిలోకి వేడి కుప్పలో మాగిన ఎరువు తప్ప మరొకటి వేయకూడదు.